ఎవరి మాట ఎవరు నేర్చుకున్నారు? కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పని చోట సంభాషణ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

పని చేసే చోట ఒకరి మాట మరొకరికి అర్థము కాకపోతే పని చెడుతుంది. ఇది అందరూ ఒప్పుకొనే విషయమే. అయితే దీనికి కారణము ఏమిటని అడిగినప్పుడు సాధారణముగా వచ్చే జవాబు ఒక్కటే: వారి సంస్కృతి వేరు, మా సంస్కృతి వేరు. ఈ జవాబు తప్పు కాదు గాని, చాలదు. రెండు సంస్కృతుల మధ్య తేడా ఉన్నంత మాత్రాన సంభాషణ తెగిపోదు. ఒకే సంతలో నాలుగు భాషలు మాట్లాడుతూ బేరము కుదుర్చుకొనే మనుషులను మన ఉత్తర తెలంగాణలో ఎక్కడైనా చూడవచ్చును. మరి అదే మనుషులు కచేరీ గడప తొక్కగానే మూగవారు ఎందుకు అవుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకాలన్నది మా ఉద్దేశము. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో నిజాము కాలము నుండి నేటి వరకు కచేరీ, బడి, అడవి, బొగ్గు గని అనే నాలుగు పని చోట్లలో సంభాషణ ఎలా నడిచినదో ఈ వ్యాసములో పరిశీలిస్తాము. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. మేము ఇక్కడ పాత ఎల్లలనే దృష్టిలో ఉంచుకొని ఆ పేర్లు వాడుతున్నాము.

మేము ప్రతి సందర్భములోను ఒకే ప్రశ్న అడుగుతాము. ఇద్దరి మాట వేరైనప్పుడు, ఎవరి మాట ఎవరు నేర్చుకోవలసి వచ్చినది?

1. ఉర్దూ కచేరీ, మధ్యవర్తి పట్వారీ

హైదరాబాదు సంస్థానములో 1884 వరకు పరిపాలనా భాష పారసీకము. ఆ తరువాత ఉర్దూ ఆ స్థానములోకి వచ్చినది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమములోనే బోధించినది. కరీంనగర్ జిల్లా రైతు ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. అతని భూమి లెక్క ఉర్దూలో ఉండేది. ఉద్యోగము కోరిన తెలుగు పిల్లవాడు ఉర్దూలో చదువుకోక తప్పేది కాదు. కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణ రెడ్డి గారు ఉర్దూ మాధ్యమములో చదువుకొనియే తెలుగు కవి అయ్యారన్నది పాఠకులకు తెలిసినదే. అది ఆయన ప్రతిభకు నిదర్శనము. అదే సమయములో, ఆ తరము వారు ఇంటి భాషను దాటి ఎంత దూరము నడవవలసి వచ్చినదో కూడ అది చూపిస్తున్నది.

అయినా కరీంనగర్ రైతుకు ఒక ఆధారము ఉండెను. తరతరాలుగా కచేరీ మాటలు పల్లె తెలుగులో కలిసిపోయినవి. దరఖాస్తు, పహాణీ, జమాబందీ, వసూలు, రసీదు, తకరారు వంటి మాటలు చదువు రాని రైతు నోట కూడ పలికేవి. భాష రాకపోయినా వ్యవహారము తెలుసు. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని అడగాలో, ఏ కాగితము దాచుకోవాలో తెలుసు.

ఆదిలాబాదు అడవులలోని గోండులకు, కొలాములకు ఆ ఆధారము కూడ లేదు. గోండులు తమను తాము కొయితూర్ అని పిలుచుకొంటారు. వారి భాష ద్రావిడ కుటుంబములోనిది. అంతే కాదు, భాషాశాస్త్రజ్ఞుల వర్గీకరణలో తెలుగుకు దగ్గర చుట్టము. రెండును ఒకే ఉపశాఖకు చెందినవి. మనము రెండు, మూడు అనే చోట వారు రండ్, మూండ్ అంటారు. మనము ప్రవహించే వాగును ఏరు అంటాము. వారి ఏర్ అంటే నీళ్ళు. అయినా ఒకరు మాట్లాడితే మరొకరికి అర్థము కాదు. వారి పక్కనే ఉండే కొలాముల భాష మరొక ఉపశాఖకు చెందినది. గోండుల వంశ గాథలు పాడే ప్రధానులలో మరాఠీ వాడుక ఉన్నది. ఇంతమంది మీద పెత్తనము చేసే అటవీ ఉద్యోగికి, రెవెన్యూ ఉద్యోగికి కాగితము మీద ఉర్దూ, నోట ఉర్దూ గాని తెలుగు గాని మరాఠీ గాని ఉండేవి. గోండీ నేర్చుకోవాలన్న నియమము ఎవరికీ లేదు.

అందుచేత పని అంతా మధ్యవర్తి చేతిలో పడినది. పట్వారీకి గాని, ఊరి షావుకారుకు గాని రెండు వైపుల మాట కొంత తెలుసు. గోండు చెప్పినది అధికారికి ఎలా వినిపించాలో, అధికారి చెప్పినది గోండుకు ఎంత వినిపించాలో అతడే నిర్ణయించేవాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియకపోవడమే అతని పలుకుబడికి మూలము. ఇటువంటి చోట సంభాషణ బాగుపడాలని మధ్యవర్తి కోరుకోడు. సంస్కృతుల మధ్య తేడా ఒకరికి జీవనోపాధిగా మారినప్పుడు అది తనంతట తాను తగ్గదు.

2. ఒక రసీదు, రెండు అర్థాలు

ఈ తెగిన సంభాషణ ఎంత నష్టము తెచ్చినదో చూపడానికి ఒక్క మాట చాలును: శివాయి జమాబందీ. జమాబందీ లెక్కకు వెలుపల, పట్టా లేకుండ సాగయ్యే భూమికి రెవెన్యూ వారు పెట్టిన పేరు ఇది. ఆదిలాబాదు గోండులలో చాలా మంది ఈ పద్ధతిలోనే దున్నుకొనేవారు. ఏటేటా సర్కారుకు రుసుము కట్టేవారు, రసీదు తీసుకొనేవారు.

ఆ రసీదును గోండు రైతు ఎలా అర్థము చేసుకొన్నాడు? అడవిని మా పెద్దలు నరికి పొలము చేశారు, మేము దున్నుతున్నాము, సర్కారు డబ్బు తీసుకొని కాగితము ఇచ్చినది, కనుక సర్కారు ఒప్పుకొన్నది. అతని ఊరిలో పటేలు ముందర, పెద్దల ముందర అన్న మాట కట్టుబాటు. భూమి కొదువ లేని కాలములో, ఒక పొలము వదిలి మరొక పొలము చేసుకొనే జీవనములో, దస్తావేజు అవసరము అతనికి ఎన్నడూ రాలేదు.

అదే రసీదును కచేరీ ఎలా అర్థము చేసుకొన్నది? ఈ మనిషికి పట్టా లేదు. ఈ ఏడాదికి మాత్రమే దున్నుకొన్నాడు. రేపు ఈ భూమిని పట్టాకు అడిగినవాడికి ఇవ్వవచ్చును. రైలు మార్గము, రోడ్లు వచ్చిన తరువాత బయటి నుండి వచ్చి స్థిరపడిన వారికి దరఖాస్తు ఎలా పెట్టాలో తెలుసు. వారు పట్టాలు పొందారు. తరాలుగా దున్నినవాడు కౌలుదారుగానో కూలీగానో మిగిలిపోయాడు. అటవీ శాఖ గీసిన రిజర్వు ఎల్లలు కూడ ఇదే విధముగా కాగితము మీద మొదట పుట్టి, తరువాత ఊళ్ళ మీద పడినవి.

ఇందులో అబద్ధమాడినవాడు ఒక్కడు కూడ ఉండనవసరము లేదని గమనించవలసియున్నది. గుమాస్తా తన నియమము ప్రకారము రాశాడు. రైతు తన ఆచారము ప్రకారము నమ్మాడు. కాగితము ఒక్కటే, దాని వెనుక ఉన్న లోకములు రెండు. అయితే తప్పుగా అర్థము చేసుకొన్నందుకు వెల చెల్లించినది మాత్రము ఒక్కరే.

3. జోడేఘాట్ తరువాత: మార్లవాయి ప్రయత్నము

1940లో ఆసిఫాబాదు ప్రాంతపు జోడేఘాట్ కొండలలో కొమరం భీము నాయకత్వములో గోండులు ఎదురు నిలిచారు. అడవిలో సాగు చేసుకొనే హక్కు, పశువులు మేపుకొనే హక్కు, తమ ఊళ్ళలో తమ మాట చెల్లుబాటు కావడము వారి కోరికలు. భీము అస్సాము తేయాకు తోటలలో పని చేసిన రోజులలో చదవడము, రాయడము నేర్చుకొన్నాడని జనములో నిలిచిన గాథ చెబుతున్నది. కాగితమును ఎదిరించడానికి కాగితము తెలియాలన్న గ్రహింపు ఆ గాథలో ఉన్నది. పోలీసు కాల్పులలో భీము, అతని అనుచరులు కొందరు మరణించారు.

తిరుగుబాటును బలముతో అణచిన తరువాత మాత్రమే నిజాము ప్రభుత్వము అది ఎందుకు వచ్చినదని అడిగినది. ఆ పరిశీలనకు నియమింపబడినవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన ఈ మానవశాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచ యుద్ధ కాలములో శత్రు దేశపు పౌరుడిగా హైదరాబాదు సంస్థానములో ఉండవలసి వచ్చినది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి అనే గోండు గ్రామములో గుడిసె వేసుకొని ఉన్నారు, గోండీ నేర్చుకొన్నారు. మేము ఈ చివరి మాటను ప్రత్యేకముగా పేర్కొంటున్నాము. సర్కారు తరఫున వచ్చినవాడు గూడెము మాట నేర్చుకొనడము అక్కడి వారికి కొత్త.

ఆయన సిఫారసులలో మన విషయానికి సంబంధించినవి మూడు. మొదటిది భూమి: శివాయి జమాబందీగా దున్నుతున్న వారికి పట్టాలు ఇవ్వడము. కచేరీకి అర్థమయ్యే భాషలో గోండు హక్కును రాయడమే దీని సారము. రెండవది చదువు: 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము ప్రారంభమైనది. గోండులనే ఉపాధ్యాయులుగా తయారు చేసి, గోండీ వాచకములతో పిల్లలకు చదువు మొదలు పెట్టించారు. మూడవది ముఖాముఖి: కేస్లాపూర్‌లో ప్రతి పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర సందర్భముగా అధికారులే అక్కడికి వెళ్ళి ప్రజల గోడు వినే దర్బారు 1940లలో ఏర్పడినది. అంతకు ముందు గోండు కచేరీకి నడిచేవాడు. ఆ ఒక్క రోజు కచేరీ గోండు దగ్గరకు నడిచినది. ఆ దర్బారు ఆచారముగా నిలిచినది.

ఈ ప్రయత్నములో పాల్గొన్న అధికారులలో సేతు మాధవరావు పగడీ గారిని తలచుకోవాలి. ఆయన గిరిజనుల ప్రత్యేక అధికారిగా ఆదిలాబాదులో పని చేశారు. గోండీకి, కొలామీకి వ్యాకరణములు రాశారు. వ్యాకరణము రాయాలంటే ముందు వినాలి. ఒక మాటను ఒకడు ఎందుకు అలా అన్నాడో ఓపికతో అడగాలి. పరిపాలనలో ఉన్నవాడు ఆ పని చేయగలడని ఆయన నిరూపించారు.

అయితే ఈ ప్రయత్నమును మేము ఆదర్శముగా చూపి వదలడము లేదు. దానిలో రెండు లోపాలు కనబడుతున్నవి. ఒకటి, ఇది ప్రభుత్వపు దయగా వచ్చినది. దయ చూపిన అధికారి బదిలీ అయినప్పుడు పని ఆగిపోయే ప్రమాదము దానిలోనే ఉన్నది. రెండవది లిపి. గోండీ వాచకములను దేవనాగరిలో అచ్చు వేశారు. ఆ నాటికి చదువు వచ్చిన కొద్ది మంది గోండులకు మరాఠీయే తెలుసు. జిల్లాలో మరాఠీ వాడుక ఎక్కువ. కనుక ఆ నిర్ణయము ఆ రోజుకు సమంజసమే. కాని 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కిన్వట్, రాజురా ప్రాంతములు మరాఠీ వైపుకు వెళ్ళినవి. మిగిలిన ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. దేవనాగరి నేర్చిన గోండు తన జిల్లా కచేరీలోనే మళ్ళీ నిరక్షరాస్యుడయ్యాడు. ఒక తరము వారు కష్టపడి నేర్చుకొన్నది ఒక్క సరిహద్దు గీతతో విలువ కోల్పోయినది.

ఇంకొక విషయము. గోండీకి లిపి లేదని అప్పటి వారు అనుకొన్నారు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామములో భద్రపరచిన గోండీ రాతప్రతులు ఈ శతాబ్దములో పండితుల దృష్టికి వచ్చినవి. ఆ లిపికి గుంజాల గోండీ అనే పేరుతో 2018లో యూనికోడ్‌లో స్థానము దొరికినది. రాత తమకు లేదని చెప్పబడిన జనము చేతిలో రాత ఉండెను. ఎవరూ అడగలేదు.

4. పహాణీ, అడంగల్: ఒకే భాషలో రెండు కచేరీలు

ఇప్పుడు కరీంనగర్ వైపు తిరుగుదాము. అక్కడ సమస్య వేరుగా కనబడుతుంది. 1956 తరువాత కచేరీలోని ఇద్దరూ తెలుగువారే. కాబట్టి అర్థము చేసుకోవడములో ఇబ్బంది ఉండకూడదు. కాని ఇబ్బంది వచ్చినది.

ఒకరు మద్రాసు ప్రెసిడెన్సీ పద్ధతిలో పెరిగిన ఆంధ్ర ప్రాంతపు ఉద్యోగి. మరొకరు నిజాము పద్ధతిలో పెరిగిన తెలంగాణ ఉద్యోగి. ఊరి సాగు లెక్కను ఒకరు అడంగల్ అంటే మరొకరు పహాణీ అంటారు. ఒకరికి కరణము, మునసబు. మరొకరికి పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు. ఒకరు ఫైలు ఇంగ్లీషులో నడపడానికి అలవాటు పడ్డవారు. మరొకరు ఉర్దూలో ముసాయిదా రాయగలిగి ఇంగ్లీషులో తడబడేవారు. ఉర్దూ ముసాయిదా చక్కగా రాసే అనుభవజ్ఞుడు కొత్త కచేరీలో ఏమీ రానివాడిగా కనబడ్డాడు. పని తెలియక కాదు. పనికి పేర్లు మారినందువలన.

మర్యాద విషయములో తేడా ఇంకా సున్నితమైనది. కరీంనగర్ పల్లెలో కొడుకు తండ్రిని గూర్చి “మా నాయిన వచ్చిండు” అంటాడు. బడి పిల్లవాడు “సారు వచ్చిండు” అంటాడు. అందులో అగౌరవము ఇసుమంతయు లేదు. చనువు, ఆప్యాయత ఉన్నవి. కోస్తా జిల్లా వారు “వచ్చారు” అనకపోతే మర్యాద తప్పినట్లు వింటారు. పెద్దవారిని నువ్వు అని పిలవడము కూడ అంతే. కొత్తగా వచ్చిన అధికారి ఈ మాట విని, ఈ ఊరివారు మోటువారు అనుకొన్నాడు. ఊరివారు అతని మీరు, గారు విని, ఈయన మనలను దూరము పెడుతున్నాడు అనుకొన్నారు. రెండు అభిప్రాయములును తప్పే. వాడినది ఒకే భాష కాబట్టి, తాము అపార్థము చేసుకొంటున్నామన్న అనుమానము కూడ ఇద్దరికీ రాలేదు. వేరు భాషల మధ్య జరిగే పొరపాటు త్వరగా బయట పడుతుంది. ఒకే భాషలో జరిగే పొరపాటు స్వభావ దోషముగా లెక్కకు వస్తుంది.

1969 ఉద్యమములో ఉద్యోగముల వాటా ప్రధాన విషయము. దాని వెంట భాషను ఎగతాళి చేశారన్న బాధ కూడ ఉన్నది. ఆ బాధను చిన్నదిగా తీసివేయలేము. ఇక్కడ కూడ మా ప్రశ్న అదే. పహాణీ అనే మాట నేర్చుకొనే బాధ్యత కొత్తగా వచ్చిన అధికారి మీద పడినదా, లేక ‘మంచి తెలుగు’ నేర్చుకొనే బాధ్యత ఊరివాడి మీద పడినదా? చాలా కాలము రెండవదే జరిగినది.

1966లో అధికార భాషా చట్టము వచ్చి తెలుగు పరిపాలనా భాష అయినది. కరీంనగర్ రైతుకు ఇది నిజమైన మేలు. తన భూమి కాగితము తన భాషలో చూసుకొనే వీలు కలిగినది. కాని ఉట్నూరు గోండుకు ఏమి మారినది? ఉర్దూ పోయి తెలుగు వచ్చినది. రెండును అతనికి కచేరీ భాషలే. ఒకరికి విముక్తి అయిన చట్టము పక్క జిల్లాలో మరొకరికి కేవలము యజమాని మారినట్లు అనిపించవచ్చునని తెలుగువారమైన మనము గుర్తుంచుకోవాలి.

5. బొగ్గు బాయిలో

ఇంతవరకు చూసిన ఉదాహరణలకు భిన్నమైనది ఒకటి ఇదే ప్రాంతములో ఉన్నది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరుతో ఏర్పడిన బొగ్గు సంస్థ గోదావరి లోయలో గనులను విస్తరించినది. ఆదిలాబాదు జిల్లాలో బెల్లంపల్లి, మందమర్రి. కరీంనగర్ జిల్లాలో గోదావరిఖని గని పట్టణములయ్యాయి. పల్లెల నుండి వ్యవసాయ కూలీలు వచ్చారు. ఇతర బొగ్గు క్షేత్రముల నుండి అనుభవజ్ఞులు, ఇంజనీర్లు వచ్చారు. కులము, ప్రాంతము, చదువు, భాష అన్నిటా తేడాలే.

అయినా భూమి లోపల ఒక ఉమ్మడి భాష పుట్టినది. గని బాయి అయినది. ఓవర్‌మన్, షార్ట్‌ఫైరర్ వంటి ఇంగ్లీషు మాటలు, సర్దార్ అనే పారసీక మూలపు మాట, పల్లె తెలుగు క్రియలు కలిసి ఒక్క వాక్యములో ఇమిడినవి. గనిలో పైకప్పును కర్రతో తట్టి శబ్దము వింటారు. గట్టి శబ్దము వస్తే రాయి నిలిచి ఉన్నది. డొల్ల శబ్దము వస్తే రాలే ప్రమాదము ఉన్నది. ఆ శబ్దమునకు అర్థము ఏమిటన్న విషయములో ఇంజనీరుకు, సర్దారుకు, బొగ్గు నింపే కూలీకి భేదాభిప్రాయము ఉండడానికి వీలు లేదు. అపార్థము జరిగితే రాయి పదవి చూసి పడదు.

మేము ఇందులో ఒక ముఖ్యమైన పాఠము చూస్తున్నాము. తప్పుగా అర్థము చేసుకొన్నందుకు ఇద్దరూ వెల చెల్లించవలసిన చోట, ఇద్దరూ ఒకరి మాట ఒకరు నేర్చుకొన్నారు. కచేరీలో అట్లు కాదు. దరఖాస్తు తప్పైతే గుమాస్తా జీతము ఆగదు. రైతు భూమి పోతుంది. కనుక గుమాస్తాకు నేర్చుకొనే అవసరము కలగలేదు. గనిలో వేతనాలు, అధికారము విషయములో సమానత్వము ఉన్నదని మా భావము కాదు. అక్కడి సమ్మెల చరిత్ర అట్లు చెప్పనివ్వదు. ప్రాణము విషయములో మాత్రము ఉమ్మడి భాష తప్పలేదు.

6. ఇంద్రవెల్లి: కబురు చేరని రోజు

ఆదిలాబాదులో గిరిజనేతరుల చేతిలోకి భూమి పోకుండ చట్టములు లేకపోలేదు. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణ నిబంధనలు 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేయబడినవి. 1970లో మరింత కఠినము చేయబడినవి. కాని చట్టము ఉన్నదని తెలియడము వేరు, దానిని వాడుకొనగలగడము వేరు. హైమన్‌డార్ఫ్ 1970లలో తిరిగి వచ్చి చూసినప్పుడు, తాము 1940లలో సాధించినదానిలో చాలా భాగము చేజారిపోవడము గమనించారు. 1982లో ప్రచురించిన గ్రంథములో ఆ నిరాశను ఆయన దాచలేదు.

1981 ఏప్రిల్ 20, సోమవారము. ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘము సభ తలపెట్టినది. మొదట ఇచ్చిన అనుమతి తరువాత రద్దు చేయబడినది. ఆ రోజు వారపు సంత కూడ. కాలినడకన కొండలు దిగి వస్తున్న గూడేలవారిలో చాలా మందికి అనుమతి రద్దయిన కబురు చేరలేదని ఆ సంఘటనను నమోదు చేసినవారు చెప్పారు. పోలీసు కాల్పులు జరిగినవి. ప్రభుత్వ లెక్క ప్రకారము మృతులు 13 మంది. అంతకు చాలా ఎక్కువ మంది చనిపోయారని ఇతరులు అన్నారు.

ఇంద్రవెల్లిని కేవలము సంభాషణా లోపముగా వివరించడము తప్పు. భూమి, అధికారము, రాజకీయ సంఘర్షణ దాని మూలములు. కాని కచేరీలో సంతకమైన ఒక ఉత్తరువు గూడెములో ఏ భాషలో, ఎవరి నోట, ఎంత సమయములో వినబడుతుందని ఆలోచించే అలవాటు 1981 నాటికి కూడ ఏర్పడలేదని ఈ సంఘటన చూపుతున్నది. ఉత్తరువు రాసినవాడికి పని అయిపోయినది. అది చేరవలసినవాడికి చేరినదా అన్నది అతని పనిలో భాగము కాలేదు. జోడేఘాట్‌కు, ఇంద్రవెల్లికి మధ్య 41 సంవత్సరములు గడిచినవి.

7. మళ్ళీ బడి దగ్గరకు

మార్లవాయిలో 1943లో మొదలైన ఆలోచన పూర్తిగా చచ్చిపోలేదు. షెడ్యూల్డు ప్రాంతముల బడులలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నిటినీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మూడవ నంబరు జీవో ద్వారా నిర్ణయించినది. బయటి నుండి వచ్చిన ఉపాధ్యాయులు బడికి సరిగా రాకపోవడము, పిల్లల భాష తెలియకపోవడము దీనికి నేపథ్యము. 2004 నుండి గోండీ, కొలామీతో కలిపి ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకములు తయారైనవి. 1943లో దేవనాగరి, 2004లో తెలుగు లిపి. మాట పిల్లవానిది, రాత కచేరీది. ఇది రాజీయే అయినా, పిల్లవాడు మొదటి రోజు బడిలో తన మాట వినగలగడము చిన్న విషయము కాదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము నూటికి నూరు శాతము రిజర్వేషను రాజ్యాంగ విరుద్ధమని ఆ జీవోను కొట్టివేసినది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రము షరతులతో కాపాడినది. తీర్పు లోని రాజ్యాంగ సూత్రముల చర్చ మా పరిధిలోనిది కాదు. కాని తీర్పు తరువాత మిగిలిన ప్రశ్న మన పరిధిలోనిదే. ఉపాధ్యాయుడు ఎవరైనా కావచ్చును. అతడు గోండీ నేర్చుకోవాలన్న నియమమైనా ఉండాలి గదా? 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షల 80 వేలకు పైగా ఉన్నారు. ఇంత మంది మాట్లాడే భాషను, వారి మధ్య పని చేసే ఉద్యోగి నేర్చుకోవడము అసాధ్యమైన కోరిక కాదు. గుడిసెలో ఉండి పరదేశి ఒకడు నేర్చుకొన్నాడు. పరిపాలనలో తలమునకలైన అధికారి ఒకరు నేర్చుకొని వ్యాకరణము రాశారు.

ముగింపు

ఈ పరిశీలన వలన మాకు తేలినది ఇది. ఉత్తర తెలంగాణలో పని చోట సంభాషణను చెడగొట్టినది సంస్కృతుల మధ్య తేడా ఒక్కటే కాదు. నేర్చుకొనే భారము ఎల్లప్పుడు బలహీనుడి మీదనే పడడము దానిని చెడగొట్టినది. తెలుగు రైతు ఉర్దూ నేర్వవలసి వచ్చినది. తెలంగాణ గుమాస్తా ఇంగ్లీషు, కోస్తా మర్యాద నేర్వవలసి వచ్చినది. గోండు ఉర్దూ, మరాఠీ, తెలుగు ఒకదాని తరువాత ఒకటి నేర్వవలసి వచ్చినది. నేర్చిన ప్రతిసారి కచేరీ భాష మారినది. భారము తలకిందులైన కొద్ది సందర్భములలో, అనగా మార్లవాయిలో, కేస్లాపూర్ దర్బారులో, బొగ్గు బాయి లోపల, మాట నిలిచినది.

మన సెమినరీ నుండి ప్రతి సంవత్సరము యౌవనులు ఈ రెండు జిల్లాల పల్లెలకు, గూడేలకు, గని పట్టణములకు పని మీద వెళ్తున్నారు. బడులలో, ఆసుపత్రులలో, సంఘములలో వారు ఇతరులతో కలిసి పని చేయవలసి ఉంటుంది. అక్కడి వారికి మనము ఏమి చెప్పాలన్నది వారు ఇక్కడ నేర్చుకొంటున్నారు. అక్కడి వారు తమలో తాము ఏ మాటలతో మాట్లాడుకొంటారన్నది నేర్చుకొంటున్నారా అని మమ్మును మేము ప్రశ్నించుకొనవలసియున్నది. మార్లవాయిలో బెట్టీ ఎలిజబెత్ సమాధి ఉన్నది. 1987లో హైదరాబాదులో మరణించిన ఆమెను ఆ ఊరికే తెచ్చి పూడ్చారు. 1995లో మరణించిన ఆమె భర్త అస్థికలు తరువాత ఆమె ప్రక్కనే ఉంచబడినవి. తమ మాట నేర్చుకొన్నవారిని ఆ ఊరు తన వారిలో కలుపుకొన్నది. ఆ ఊరివారు అడిగినది ఎక్కువ ఏమీ కాదు.